శివారుకు అందని కరెంటు

కాలువ కింద సేద్యం చేసినవాడికి ఒక సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. బెజవాడ బ్యారేజీ దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా నాగాయలంక శివారు చేలు నెర్రెలిచ్చే ఉండవచ్చు. తలుపులెత్తారా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎత్తిన నీళ్లు చివరిదాకా ఎన్ని వచ్చాయి అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకగానే రెండోదానికీ దొరికిందనుకోవడంలోనే తగాదాలన్నీ పుడతాయి.

అలాంటి ఎండిన చేను ఒకటి ఈమధ్య అమెరికాలో తగిలింది. మా మేనల్లుడు డల్లాస్ దగ్గర ఉంటాడు. ఒక పికప్ ట్రక్కు, దాని వెనక తగిలించుకునే ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. ట్రావెల్ ట్రైలరంటే చక్రాల మీద ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉంటాయి, ఇంజను మాత్రం ఉండదు. ఒకరోజు ఫోను చేశాడు. "మావయ్యా, తొమ్మిది గంటలు బండి నడిపాను. రాత్రి దిగి ట్రైలర్‌లో లైటు వేయబోతే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. బయల్దేరేటప్పుడు నిండుగానే ఉంది. దారిపొడుగునా ఇంజను తిరుగుతూనే ఉందిగా, ఎక్కాలిగా ఛార్జి?"

మన వైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక కట్టేది, అక్కడ ట్రక్కు అంటే ముందు నుంచి లాగేది. ఫోనులో మొదటి పది నిమిషాలూ ఈ గందరగోళంతోనే సరిపోయాయి. గందరగోళం తీరాక తెలిసిందేమిటంటే, వాడి కష్టం మన ఊళ్లో చాలామంది పడేదే. ఘంటసాల, చల్లపల్లి, కొడాలి చుట్టుపక్కల ట్రక్కులో ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టి దేవుడి ఊరేగింపుకి లైట్లు, మైకు కట్టినవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు పడ్డదే. ట్రాక్టరు నుంచి రెండు తీగలు లాగి ఆ బ్యాటరీకి తగిలిస్తారు. ఇంజను నడుస్తోంది కదా అని ధీమాగా ఉంటారు. ఊరు సగం తిరిగేసరికి లైట్లు గుడ్డిదీపాలవుతాయి. అప్పుడు బ్యాటరీ అమ్మినవాణ్ణి తిట్టుకుంటారు.

ముందు బండిలోని ఇంజను వెనక బండిలోని బ్యాటరీని ఎందుకు నింపలేకపోతోంది? దీనికి వినిపించే జవాబులు చాలా ఉన్నాయి. బ్యాటరీ పాడైందంటారు, డైనమో పోయిందంటారు, ఫ్యూజు కొట్టేసిందంటారు, కొత్తరకం ఛార్జరు కొనాలంటారు. ఒక్కోటీ ఒక్కోచోట నిజమే. కానీ అన్నింటికంటే తరచుగా నిజమయ్యేది, అందరికంటే ఆఖర్న అనుమానించేది మాత్రం తీగ. అది తెగిపోయి ఉండదు. పొడుగు ఎక్కువై, లావు తక్కువై, తిరిగి వచ్చే దారి సరిగ్గా లేక సతమతమవుతూ ఉంటుంది.

నిండిన 12 వోల్టుల సీసం-యాసిడ్ బ్యాటరీ ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు 12.6, 12.7 వోల్టులు చూపిస్తుంది. సగం ఖాళీ అయితే 12.1 దగ్గరికి దిగుతుంది. దాన్ని మళ్లీ నింపాలంటే దాని కంటే ఎత్తయిన మట్టం నుంచి కరెంటు రావాలి. ఇంజను మీద ఉండే ఆల్టర్నేటర్ ఆ పని 14.2 వోల్టుల చుట్టుపక్కల నిలబడి చేస్తుంది. (మన మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని డైనమో అనే అంటారు. అసలు డైనమోలు 1960ల నుంచి కార్లలో కనుమరుగవుతూ వచ్చాయి, పేరు మాత్రం ఉండిపోయింది.) 14.2కీ, కొంత ఖాళీ అయిన బ్యాటరీ చూపే 12.4కీ మధ్య తేడా 1.8 వోల్టులు. ఉన్న వాలల్లా ఇంతే. కరెంటు పారాల్సింది ఈ కాస్త వాలు మీదే.

ఇప్పుడు తీగ సంగతి. రాగి తీగ ఒక చదరపు మిల్లీమీటరు లావుంటే మీటరు పొడుగుకి 0.017 ఓమ్‌ల పైచిలుకు అడ్డుపడుతుంది. మన ఊళ్లో షాపులో అడిగితే ఇచ్చేది ఇంటి వైరింగుకి వాడే రెండున్నర ఎం.ఎం. తీగ. ట్రాక్టరు బ్యాటరీ నుంచి ట్రక్కులో బ్యాటరీ దాకా ఎనిమిది మీటర్లనుకుందాం. వెళ్లడానికి ఎనిమిది, రావడానికి ఎనిమిది, మొత్తం పదహారు. లెక్క కడితే 0.11 ఓమ్. ఉన్న 1.8 వోల్టుల వాలుని దీంతో భాగిస్తే మొదట్లో 16 ఆంపియర్లు రావాలి. ఫరవాలేదే అనిపిస్తుంది. కానీ కాస్త కరెంటు లోపలికి వెళ్లగానే బ్యాటరీ మట్టం 13కి లేస్తుంది, అప్పుడు వచ్చేది 11. అది 13.6కి చేరితే అయిదున్నర. అంటే అసలు నింపాల్సిన చివరి భాగానికి వచ్చేసరికి ధార సన్నబడిపోతుంది. ఇందులో సాకెట్ల దగ్గర, నట్ల దగ్గర, ట్విస్టు చేసి టేపు చుట్టిన అతుకుల దగ్గర పోయేది ఇంకా కలపలేదు. అదే తీగ 16 చదరపు మిల్లీమీటర్లదైతే మొత్తం అడ్డంకి 0.017 ఓమ్‌కి దిగుతుంది. 20 ఆంపియర్లు పారినా పోయేది వోల్టులో మూడో వంతు.

ఇంటి తీగని నమ్మి మోసపోవడానికి కారణం ఇక్కడే ఉంది. అదే రెండున్నర తీగ ఇంట్లో మోటారునీ గీజరునీ నిక్షేపంగా నడుపుతుంది. 230 వోల్టుల్లో రెండు వోల్టులు దారిలో పోతే ఎవరికీ తెలియదు, నూటికి ఒకటి కూడా కాదు. ట్రక్కు మీద ఆ రెండు వోల్టులే మొత్తం ఆస్తి. ఇరవై ఏళ్లు ఇళ్లకి వైరింగ్ చేసిన చెయ్యి కూడా ఇక్కడ తడబడుతుంది. కాలే తీగని పట్టుకోవడం వాళ్లకి తెలుసు. కాలకుండానే పని చెడగొట్టే తీగ వాళ్ల అనుభవంలోకి రాదు.

అమెరికాలో పికప్‌లకి కంపెనీ వేసి ఇచ్చే ఛార్జింగ్ తీగ సాధారణంగా 12 గేజి లేదా 10 గేజి, అంటే 3.3 లేదా 5.3 చదరపు మిల్లీమీటర్లు. బానెట్ కింద బ్యాటరీ నుంచి వెనక బంపర్ దాకా ఆరు మీటర్లు, అక్కణ్ణుంచి ట్రైలర్ బ్యాటరీకి ఇంకో రెండు మూడు మీటర్లు. కొత్త బండి, కొత్త ట్రైలర్, ఎక్కడా ఏదీ తెగలేదు. అయినా దూరప్రయాణంలో బ్యాటరీ సగమే నిండిందంటే అది లోపం కాకపోవచ్చు, ఆ తీగ చేయగలిగింది అంతే. దాన్ని వేసింది దారిలో బ్యాటరీ కిందికి జారకుండా కాపాడడానికే. ఖాళీ బ్యాటరీని నింపడం దాని పనుల్లో లేదు. ఈ ముక్క అమ్మేవాళ్లెవరూ చెప్పరు, కొనేవాళ్లెవరూ అడగరు. సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయని నా అభిప్రాయం.

దివిసీమకి నీళ్లు వెళ్లాలంటే పులిగడ్డ అక్విడక్టు దాటాలి. పైన కాలువ ఎంత పారినా కింద చేలు ఎంత దాహంతో ఉన్నా మధ్యలో ఆ ఒక్క దారీ బాగుండాలి. రెండు బండ్ల మధ్య ప్లగ్గూ సాకెట్టూ అలాంటివే. వీటిలో ఎన్ని రకాలున్నాయో తెలియకపోవడం వల్ల కూడా చాలా రాత్రులు చీకట్లో గడిచాయి.

మన ట్రాక్టర్ల వెనక సాధారణంగా కనిపించే ఏడు పిన్నుల గుండ్రటి సాకెట్ ఐరోపా పద్ధతిది. అందులో ఎడమ, కుడి సిగ్నళ్లు, బ్రేకు లైటు, వెనక లైట్లు, పొగమంచు లైటు, ఎర్త్ అని ఏడూ పంచేశారు. ఛార్జింగ్‌కని ప్రత్యేకంగా ఒక పిన్నే లేదు. ఐరోపాలో ఇళ్ల ట్రైలర్లు పెరిగాక రెండో సాకెట్ చేర్చారు, ఆ తర్వాత రెండూ కలిపి పదమూడు పిన్నులది తెచ్చారు. దాంట్లో తొమ్మిదోది ఎప్పుడూ కరెంటు ఉండేది, పదోది ఇంజను తిప్పినప్పుడే వచ్చేది. పదోదానికి తిరుగుదారిగా పదకొండోది, తొమ్మిదోదానికి పదమూడోది విడిగా పెట్టారు. తిరుగుదారికీ విడి పిన్ను ఇవ్వాలని తోచిన ఆ ఇంజనీరు ఎవరో గానీ దండం పెట్టాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

అమెరికాలో ఏడు రేకుల సాకెట్ వేరు. దాంట్లో ఒకటి ఛార్జింగ్‌కి, ఒకటి ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకులకి ఉంటాయి. అక్కడే చిన్న ట్రైలర్లకి వాడే నాలుగు పిన్నుల చదును ప్లగ్గులో మళ్లీ ఛార్జింగ్ లేదు. అడాప్టర్ పెట్టి దీన్ని దానికి తగిలిస్తే లైట్లన్నీ వెలుగుతాయి, అంతా బాగుందనిపిస్తుంది, బ్యాటరీకి మాత్రం బొట్టు కూడా అందదు. ఇంకో చిక్కు రంగులు. ఒక కంపెనీ నలుపు వేసిన చోట ఇంకొకరు ఎరుపు వేస్తారు. పాత ట్రైలర్‌ని ఎవరో ఒకసారి విప్పి కట్టి ఉంటే రంగుల మాట ఎత్తనే కూడదు. పిన్ను ఎక్కడుందో చూసి, మీటరు పెట్టి నమ్మాలి. ఛార్జింగ్ తీగా బ్రేకు తీగా తారుమారైతే అది బ్యాటరీతో పోయే నష్టం కాదు.

మన దగ్గర సాకెట్‌కి వేరే శత్రువులున్నారు. ఖరీఫ్‌లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక భాగమంతా బురదలో మునిగి తేలుతుంది. సాకెట్ మూత ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. బురద ఎండి గట్టిపడుతుంది. పంట కోత వచ్చి ధాన్యం తోలేనాటికి ఆ మట్టి మీదే ప్లగ్గు గుచ్చుతారు. ఇక బందరు, కోడూరు, నాగాయలంక వైపు ఉప్పుగాలి. రొయ్యల చెరువుల గట్ల మీద ఏడాదంతా తిరిగే బండ్ల పిన్నులు చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. చిలుము అడ్డంకే గానీ గోడ కాదు, కొద్దిపాటి కరెంటుని పోనిస్తుంది. అందుకే టెస్టు ల్యాంపు పెడితే వెలుగుతుంది, మీటరు పెడితే 12 చూపిస్తుంది, మెకానిక్కు కరెంటొస్తోందని సర్టిఫికెట్ ఇచ్చేస్తాడు. బరువు ఎత్తకుండానే ఎద్దు బలాన్ని అంచనా కట్టడం లాంటిదది.

తిరుగుదారి, అంటే ఎర్త్, గురించి చెప్తానన్నాను. డెల్టాలో కాలువ ఎంత ముఖ్యమో డ్రెయిను అంత ముఖ్యం. డ్రెయిను పూడిపోతే చేలో నీళ్లు నిలిచి వరి కుళ్లుతుంది. కరెంటుకీ వెళ్లే దారితోబాటు తిరిగొచ్చే దారి కావాలి. (పోలిక ఇక్కడ కాస్త కుంటుతుంది. నీళ్లు సముద్రంలో కలిసిపోతాయి, కరెంటు బయల్దేరిన చోటికే తిరిగి రావాలి.) ప్లస్ తీగని అందరూ శ్రద్ధగా వేస్తారు, ఫ్యూజు పెడతారు, టేపు చుడతారు. మైనస్ దగ్గరికి వచ్చేసరికి ఛాసిస్‌కి ఒక బోల్టు బిగించి చేతులు దులుపుకుంటారు. ఆ బోల్టు కింద రంగు ఉందో తుప్పు ఉందో చూడరు. ట్రక్కుకీ ట్రాక్టరుకీ మధ్య ఎర్త్ ప్రత్యేకంగా లాగకపోతే కరెంటు కొక్కెం గుండా తిరిగి రావాలి. గ్రీజు పూసిన పిన్ను, వదులుగా ఊగే కొక్కెం, గుంటల రోడ్డు. బండి ఎగిరినప్పుడల్లా ఎర్త్ తెగి కలుస్తుంది. వెనక లైట్లు రెప్పలు కొట్టుకుంటున్న ట్రక్కుని చూస్తే ఎర్త్ ఛాసిస్ మీద ఆధారపడిందని అర్థం.

ఆ లైట్ల సంగతి చిన్నది కాదు. బందరు నుంచి మోపిదేవి, పెనుమూడి మీదుగా రేపల్లె వైపు పోయే 216 జాతీయ రహదారి మీద రాత్రిపూట ధాన్యం ట్రక్కో చెరకు ట్రక్కో వెనక లైటు లేకుండా పోతుంటే మోటారు సైకిలు వాడికి అది పది గజాల దూరంలో గానీ కనబడదు. అమెరికాలో ఈ బెడద ఇంకో రూపంలో ఉంది. అక్కడి పెద్ద ట్రైలర్లకి విడి బ్రేకులుంటాయి. నడుస్తుండగా కొక్కెం ఊడిపోతే వాటంతట అవే పట్టేసేలా ఒక మీట పెడతారు. ఆ మీట నడిచేది ట్రైలర్‌లోని బ్యాటరీ మీదే. కనుక బ్యాటరీ నిండలేదన్నది రాత్రి ఫ్యాను తిరగలేదన్నంత తేలిక ఫిర్యాదు కాదు.

మరి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా? ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, మామూలు మల్టీమీటర్ చాలు. క్లాంప్ మీటరు కొనేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. చవకగా దొరికేవి చాలావరకు ఇంటి కరెంటునే కొలుస్తాయి, బ్యాటరీ కరెంటు దగ్గర సున్నా చూపిస్తాయి. ఆ సున్నా చూసి మంచి తీగని పీకేసినవాళ్లున్నారు.

ముందు రెండు బండ్లూ విడదీసి, కొన్ని గంటలు ఊరుకోబెట్టి, వెనక బ్యాటరీ వోల్టులు రాసుకోవాలి. తర్వాత ప్లగ్గు పెట్టి, ఇంజను తిప్పి, కాస్త రేజ్ చేసి, మళ్లీ అక్కడే చూడాలి. ఏమీ పెరగలేదంటే దారి ఎక్కడో తెగింది. ఫ్యూజు, రిలే, అసలు లేని తీగ, ఛార్జింగ్ లేని సాకెట్, వీటిలో ఏదో ఒకటి. కొన్ని పికప్‌లలో ఈ ఫ్యూజునో రిలేనో కంపెనీ బిగించకుండా విడిగా ఇస్తుంది, ట్రైలర్ కొన్నవాళ్లే పెట్టుకోవాలి. కొత్త బండిలో ఇది మొదట చూడదగ్గ చోటు. 14 దాకా పెరిగిందంటే దారి శుభ్రంగా ఉంది, అనుమానం బ్యాటరీ మీదకో దాన్ని తాగేస్తున్న మరో వస్తువు మీదకో మళ్లించాలి. పెరిగింది గానీ 13 దగ్గర ఆగిపోయింది అంటే, దారి ఉంది, ఇరుకుగా ఉంది. ఎక్కువ కేసులు ఈ మూడో గదిలోనే పడతాయి.

ఇరుకు ఎక్కడుందో తేల్చే పద్ధతి ఒకటుంది. నేర్చుకోవడానికి అయిదు నిమిషాలు పట్టదు, అయినా నూటికి తొంభైమంది చేయరు. కరెంటు పారుతుండగానే మీటరు ఒక ముల్లు ముందు బ్యాటరీ ప్లస్ మీద, రెండో ముల్లు వెనక బ్యాటరీ ప్లస్ మీద పెట్టాలి. ముల్లు అందకపోతే ఏ సన్న తీగతోనైనా పొడిగించుకోవచ్చు, మీటరు కరెంటు తాగదు కనుక ఆ తీగ సన్నబడినా లెక్క తప్పదు. కనిపించే అంకె ప్లస్ దారిలో పోయిన వోల్టులు. అలాగే మైనస్ నుంచి మైనస్‌కి. రెండంకెలూ పక్కపక్కన రాసుకుంటే దొంగ తనంతట తనే బయటికొస్తాడు. తర్వాత ఆ దారిలోనే ముల్లుని జరుపుకుంటూ పోతే ఏ సాకెట్ దగ్గరో ఏ లగ్గు దగ్గరో అంకె ఒక్కసారిగా ఎగురుతుంది. కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ ఒక్క పని చేసుకుంటే వేల రూపాయలు మిగులుతాయి.

మందుల విషయానికొస్తే నాలుగైదు బడులున్నాయి. పాతకాలపు పద్ధతి ఒక రిలే. తాళం తిప్పితే కలుపుతుంది, ఆపితే విడదీస్తుంది. రాత్రి ట్రైలర్‌లో లైట్లు వేసుకున్నా ముందు బండి పొద్దున్నే స్టార్ట్ అవుతుంది. చవక, నమ్మదగ్గది. ఒకప్పుడు డయోడ్లు కూడా వాడేవాళ్లు. కరెంటు వెనక్కి రాకుండా ఆపే తలుపు మంచిదేగానీ, మామూలు డయోడు దాటడానికి 0.6, 0.7 వోల్టులు సుంకం కట్టాలి. ఉన్న 1.8లో మూడో వంతుకి పైగా ఆ టోల్‌గేటు దగ్గరే పోతే ఇక చేలోకి ఏం వస్తుంది? దాన్ని ఇప్పుడు ఎవరైనా సిఫారసు చేస్తే నేను ఒప్పుకోను. తర్వాత వోల్టేజీ చూసి పనిచేసే రిలేలు వచ్చాయి. ముందు బ్యాటరీ 13.3 దాటితే కలుపుతాయి, 12.8కి దిగితే విడదీస్తాయి. మంచివే. కొత్త బండ్లతోనే వీటికి పడటం లేదు.

కొత్త ఇంజన్లలో కొన్ని డీజిలు ఆదా కోసం, పొగ తగ్గించడం కోసం ఆల్టర్నేటర్‌ని కంప్యూటర్ చేతికి ఇచ్చాయి. మన దేశంలో భారత్ స్టేజ్-6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1న వచ్చినప్పటి నుంచి ఇలాంటివి ఇక్కడా పెరిగాయి. ముందు బ్యాటరీ నిండిందని తెలియగానే ఆ కంప్యూటర్ వోల్టేజీని 12.8కో 13కో దించేస్తుంది. దాని దృష్టిలో వెనక ట్రైలర్ లేదు. బ్యారేజీ వాడు దగ్గర చేలు తడిశాయని చూసి తలుపులు దించేసినట్టుంటుంది. కొన్ని పికప్‌లలో బరువు లాగే మోడ్ నొక్కితే వోల్టేజీ మళ్లీ పెరుగుతుంది. లేనివాళ్లకి తీగ ఎంత లావు వేసినా లాభం లేదు, ఎందుకంటే ఇక్కడ వాలే పోయింది.

ఈ చోట పనికొచ్చేది డి.సి.-డి.సి. ఛార్జర్. దాన్ని ఎత్తిపోతల పథకం అనుకోవచ్చు. దారిలో మట్టం పడిపోయి 12 వోల్టులే వచ్చినా దాన్ని 14.4కి ఎత్తి బ్యాటరీలో పోస్తుంది. లిథియం బ్యాటరీ వాడేవాళ్లకి ఇది దాదాపు తప్పనిసరి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి లోపలి అడ్డంకి తక్కువ, ఖాళీగా ఉంటే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగిందంతా లాగేస్తుంది. దానికి పగ్గం వేయడానికైనా ఛార్జర్ కావాలి. అయితే ఎత్తిపోతలకి మోటారు ఖర్చుంటుంది. 14.4 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు ఇవ్వాలంటే 288 వాట్లు. నూటికి పది నష్టం వేసుకుంటే లోపలికి 320 కావాలి, 12 వోల్టుల దగ్గర అది 27 ఆంపియర్లు. అంటే సన్నతీగ బాధని తప్పించుకుందామని పెట్టిన ఛార్జర్ అదే సన్నతీగలోంచి మునుపటి కంటే ఎక్కువ లాగుతుంది. పాత తీగకీ 30 ఆంపియర్ల ఫ్యూజుకీ 40 ఆంపియర్ల ఛార్జర్ తగిలించి ఫ్యూజు పేలుతోందని మొత్తుకునేవాళ్లని చూస్తే, బోరులో నీళ్లు లేకుండా పెద్ద మోటారు దించిన రైతు గుర్తొస్తాడు. తీగ మార్చే ఓపిక లేనివాళ్లు చిన్న ఛార్జర్ పెట్టుకోవాలి.

ఇక ట్రైలర్ పైకప్పు మీద సోలార్ పలకలు. వంద వాట్లది మంచి ఎండలో రోజుకి 25, 30 ఆంపియర్-అవర్లు ఇస్తుంది. ఇంజనుతో, తీగతో, సాకెట్‌తో ఏ సంబంధమూ లేదు. సొంత బోరు వేసుకున్నట్టే. అయితే చెట్టు నీడలో బండి ఆపితే బోరు ఎండిపోతుంది.

మన ట్రాక్టర్లతో ఈ మందులన్నీ వాడొచ్చా? ఇక్కడ మూలంలోనే తక్కువ. పికప్ ఆల్టర్నేటర్ 150, 200 ఆంపియర్లు ఇస్తుంది. మన పొలాల్లో తిరిగే చాలా ట్రాక్టర్లది 36 ఆంపియర్ల చుట్టుపక్కల, అంటే అయిదు వందల వాట్లు. మందు కొట్టే డ్రోన్లు వచ్చాక ఈ తేడా కళ్లకు కట్టింది. పది లీటర్ల డ్రోన్‌కి ఒక్కో బ్యాటరీలో సుమారు వెయ్యి వాట్-అవర్లు పడతాయి. పావుగంటలోపే అది ఎగిరి దిగుతుంది, తర్వాతి బ్యాటరీ అప్పటికి సిద్ధంగా ఉండాలి. అంత వేగంగా నింపడం ట్రాక్టరు తరం కాదు. అందుకే డ్రోన్ల వాళ్లు జనరేటర్ వెంట తెచ్చుకుంటారు. ఊరేగింపు ట్రక్కుకీ నేను చెప్పే సలహా అదే. మైకు, పెద్ద లైట్లు ఉంటే జనరేటర్. నాలుగు ఎల్.ఇ.డి.లే అయితే లావు తీగ, విడి ఎర్త్.

బ్యాటరీని పూర్తిగా నిర్దోషిగా వదిలేయడానికీ లేదు. సీసం బ్యాటరీ సగం నిండి నెలల తరబడి పడి ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, ఇక ఎంత పోసినా పట్టదు. సీజన్ అయిపోగానే ట్రక్కులో వదిలేసిన బ్యాటరీలు ఇలాగే చస్తాయి. ఎండ ఇంకో లెక్క. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఛార్జింగ్ వోల్టేజీ తగ్గించాలి, 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి సుమారు 20 మిల్లీవోల్టులు. 25 డిగ్రీలకి లెక్కగట్టిన వోల్టేజీనే మే నెలలో 40 డిగ్రీల ఎండలో వాడితే 0.3 వోల్టు ఎక్కువ పడుతుంది. నీళ్లు ఆవిరై సెల్లులు ఎండుతాయి. తొందరగా డిస్టిల్డ్ వాటర్ అడిగే బ్యాటరీ పాడైందని కాదు, ఎక్కువ తాగిందని.

ఫ్యూజు సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. రెండు చివర్లా బ్యాటరీలున్న తీగకి రెండు చివర్లా ఫ్యూజు ఉండాలి, బ్యాటరీకి జానెడు దూరంలోపు. మధ్యలో తీగ ఒరుసుకుని ఛాసిస్‌కి తగిలితే ముందు ఫ్యూజు కొట్టేసినా వెనక బ్యాటరీ ఆ మంటకి ఆజ్యం పోస్తూనే ఉంటుంది. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. దాని మూతి దగ్గర నిప్పురవ్వ లేచేలా తీగ తగిలించి చూసే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు.

మా మేనల్లుడి కథలో దొంగలు ఇద్దరు దొరికారు. వాడి ట్రైలర్‌లో గ్యాసుతోనూ బ్యాటరీతోనూ నడిచే ఫ్రిజ్ ఉంది. వేడితో చల్లబరిచే ఆ రకం ఫ్రిజ్‌లు బ్యాటరీ మీద పెడితే రెండు వందల నుంచి మూడు వందల వాట్లు తాగుతాయి. అంటే ఇరవై ఆంపియర్ల చుట్టుపక్కల. దారిలో వచ్చేది ఎనిమిదో పదో, పోయేది ఇరవై. తొమ్మిది గంటలకి వంద ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఖాళీ కావడంలో వింతేముంది. ఇంజను నడుస్తోందిగా అన్న ధీమాతోనే వాడు ఫ్రిజ్ ఆపలేదు.

రెండో దొంగని మీటరుతో పట్టాడు. ఫ్రిజ్ ఆపి, ఇంజను తిప్పి కొలిస్తే ముందు 14.1, వెనక 12.9. ప్లస్ దారిలో 0.4 పోతోంది, మైనస్ దారిలో 0.8. ట్రైలర్ ముందు భాగంలో ఎర్త్ బోల్టు విప్పితే కింద నల్లరంగు చెక్కుచెదరకుండా ఉంది. గీకి, కొత్త లగ్గు వేసి బిగించాడు. మళ్లీ ఫోను. "మావయ్యా, మైనస్ 0.1కి దిగింది. కానీ ప్లస్ 0.4 కాస్తా 0.7 అయింది. ఏదో పాడుచేశానా?"

పాడు చేయలేదురా, ఇప్పుడు పారుతోంది, అన్నాను. వెనక బ్యాటరీ దగ్గర ఎంతుందని అడిగితే వెళ్లి చూసొచ్చాడు. 13.3.